హారంలో దాగిన పిల్లలు

శాతం అనగానే అందరం లవం వైపే చూస్తాం. అసలు కిటుకంతా హారంలో ఉంది. మా ఇంట్లో వేరుశనగ మొలకశాతం చూడాలంటే తడిగోనెలో నూరు గింజలు వేసి, ఆ నూటిమీదే లెక్క కడతారు. కుళ్ళినవాటిని ముందే ఏరిపారేస్తే ఏ విత్తనమైనా మేలురకమే!

అమెరికాలో హైస్కూలు పూర్తిచేసినవారి శాతానికీ ఇదే సూత్రం. 2008 నాటి ఫెడరల్ నిబంధనల ప్రకారం తొమ్మిదో తరగతిలో చేరినవారిని నాలుగేళ్ళు వెంబడించాలి. కొత్తగా వచ్చినవారిని కలపాలి; బడి మారినవారిని, దేశం విడిచినవారిని, చనిపోయినవారిని తీసేయాలి. అయితే బడి మారినట్టు రాతపూర్వకమైన రుజువుండాలి. పక్కింటివాళ్ళు చెప్పారంటే చెల్లదు.

ఈ పట్టుదల ఎందుకంటారా? నూరుమంది చేరారనుకోండి. 8 మంది వచ్చారు, 12 మంది రుజువుతో వెళ్ళారు. హారం 96. డిప్లొమా పొందినవారు 72, అంటే 75 శాతం. ఆ 96లో ఆచూకీ లేని 16 మందిని కూడా 'బడి మారారు' అని రాసేస్తే హారం 80, శాతం 90! అదనంగా ఒక్కడూ చదివింది లేదు.

ఇది వట్టి ఊహ కాదు. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో 2000-01లో బడి విడిచిన సుమారు 5,500 మంది రికార్డులను తర్వాత రాష్ట్రం తనిఖీ చేయిస్తే, సగానికి పైగా చదువు మానేసినవారి కింద చూపవలసినవారేనని 2003లో బయటపడింది.

మన యూడైస్ ప్లస్ 2022-23 నుంచి తలల లెక్క మాని పేరుపేరునా వివరాలు తీసుకుంటోంది. మంచిదే. కాని పత్తితీతకు తల్లివెంట వలసపోయిన పిల్ల ఏ గడిలోకి వస్తుంది? పేరు రిజిస్టరులోనే ఉంటుంది. పిల్ల ఎక్కడుందో మేస్త్రీని అడిగితే చెప్తాడు.