మేనల్లుడికి లేఖ: స్నోమొబైల్ ట్రాకు బిగువు, వరుస



స్నోమొబైల్‌ను ఇంటి దగ్గర సొంతంగా చూసుకోదలచిన వారు ముందు నేర్చుకోవలసింది ఇంజను పని కాదు, అడుగున తిరిగే ట్రాకు పని. ట్రాకు అంటే గుడ్డ పొరలతోనూ అడ్డంగా పొదిగిన గట్టి కడ్డీలతోనూ బలపరిచిన చుట్టు రబ్బరు బెల్టు. ముందు ఇరుసుకున్న పళ్ళ చక్రాలు, అంటే స్ప్రాకెట్లు, దానిని తిప్పుతాయి. నడుమ రెండు పొడవాటి రెయిళ్ళు, వాటి అడుగున తొడిగిన ప్లాస్టిక్ స్లైడర్లు దానిని మంచుకు అదిమి ఉంచుతాయి. వెనక ఇరుసు మీది చక్రాలు దానిని చాచి పట్టుకుంటాయి. క్యూబెక్‌లోని వాల్‌కూర్‌కు చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1937లో పేటెంటు పొందినది పళ్ళ చక్రంతో ట్రాకును నడిపే ఇటువంటి పద్ధతికే. అంతకు మూడేళ్ళ ముందు, దారులన్నీ మంచుతో మూసుకుపోయిన చలికాలంలో, జబ్బుపడిన పసికొడుకును ఆసుపత్రికి చేర్చలేక ఆయన పోగొట్టుకున్నాడు. గడ్డకట్టిన సరస్సు నడుమ ట్రాకు పాడైతే మనిషి చిక్కుకునేది అటువంటి నిస్సహాయతలోనే కనుక, ఈ పనిని రేపటికి వాయిదా వేయడం తగదు.

ట్రాకు వదులైతే, గట్టిగా వేగం పెంచినప్పుడో బ్రేకు వేసినప్పుడో స్ప్రాకెట్ పళ్ళు పట్టు తప్పి, అడుగున టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది. అలాగే నడిపితే ట్రాకు లోపలి రబ్బరు గుబ్బలు చిరుగుతాయి. అతిగా బిగిస్తే బేరింగుల మీద భారం పడి, స్లైడర్లు త్వరగా అరిగి, ఇంజను శక్తి రాపిడికే ఖర్చవుతుంది. బిగువుగా ఉంటేనే భద్రమని కొత్తవారు అనుకోవడం సహజమే గాని, అది పొరపాటు.

పావుగంటసేపు మంచులో నడిపి, పేరుకున్న మంచుగడ్డలను తీసివేసి, ఇంజను ఆపి, బండి వెనక భాగాన్ని కదలని స్టాండు మీదకు ఎత్తిన తరువాతే కొలత తీయాలి. పొలారిస్ మాన్యువళ్ళు చెప్పే ఒక పద్ధతిలో, వెనక చక్రం కేంద్రానికి 16 అంగుళాల ముందు, కింది ట్రాకుకు 10 పౌన్ల బరువు వేలాడదీసి, స్లైడరు అడుగుకూ ట్రాకు లోపలి వైపుకూ మధ్య ఎంత జారిందో స్కేలుతో చూస్తారు. ఎంత జారాలన్నది మోడలును బట్టి మారుతుంది కనుక, చేతిలో ఉన్న బండి మాన్యువల్ అంకెనే నమ్మాలి. పక్కింటివారి బండి అంకె పనికిరాదు.

సవరించడానికి వెనక ఇరుసు బోల్టును, రెండు పక్కలా ఉన్న లాకు నట్లను వదులు చేసి, సైకిలు చైను బిగించేటప్పుడు వెనక చక్రాన్ని లాగినట్లే, సవరణ బోల్టులను రెండు వైపులా సమానంగా పావు చుట్టు చొప్పున తిప్పాలి.

ఇక వరుస, అంటే ట్రాకు రెయిళ్ళ మధ్య పక్కకు జరగకుండా తిరగడం. బండిని ఆరుబయట స్టాండు మీద నిలిపి, ఇంజనును మెల్లగా నడిపి, ట్రాకు కొన్ని చుట్లు తిరిగాక ఆపి, అది పూర్తిగా నిలిచిన పిమ్మట, లోపలి లోహపు గైడు క్లిప్పులకూ స్లైడరుకూ మధ్య ఎడం రెండు పక్కలా సమానంగా ఉందేమో చూడాలి. ఎడమ పక్క ఎడం తగ్గితే ట్రాకు ఎడమకు పోతున్నట్లు. అప్పుడు ఎడమ బోల్టునే బిగించాలి. ట్రాకు ఎప్పుడూ బిగువు పక్కనుంచి వదులు పక్కకు జరుగుతుంది కనుక, పోయిన పక్కనే బిగించడం తిరకాసుగా తోచినా సరైనది. అయితే ఆ ఒక్క బోల్టు తిప్పడంతో బిగువు కూడా మారిపోతుంది. ఇంటి దగ్గర చేసేవారు తరచు మరిచేది దీనినే. అందుచేత వరుస కుదిరాక బరువు మళ్ళీ వేలాడదీసి కొలిచి, తేడా వస్తే సరిదిద్ది, వరుసను ఇంకోసారి చూడాలి.

ట్రాకు తిరుగుతున్నంతసేపు బండి వెనక ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, నిలబడరాదు; ఊడిన మేకో ఐసు ముక్కో తూటాలా వస్తుంది. స్లైడర్లకు మంచే చల్లదనమూ జారుడూ ఇస్తుంది కనుక, మంచు లేకుండా ఎక్కువసేపు తిప్పరాదు. మూసిన గ్యారేజీలో ఇంజను నడపడం కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాంతకం.

చివరకు లాకు నట్లను, మాన్యువల్ చెప్పిన బలంతో ఇరుసు బోల్టును బిగించి, కొంతదూరం నడిపి వచ్చి మళ్ళీ చూడాలి. కొత్త ట్రాకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగుతుంది కనుక, ఆ రోజుల్లో ఈ తనిఖీ మరింత తరచుగా అవసరమవుతుంది.


మేనమామ