ఒకే భాష, వేర్వేరు ప్రమాదములు – కౌమార ఆరోగ్యముపై ఒక పరిశీలన

స్పానిషు భాష మాట్లాడు దేశములు ఇరువది వరకు కలవు. 15 నుండి 19 ఏండ్ల బాలికలలో ప్రతి వేయిమందికి ఏటా జరుగు ప్రసవములు స్పెయిన్‌లో 10 కంటె తక్కువ. లాటిన్ అమెరికా ప్రాంతమున సుమారు 50. ఆ ప్రాంతములోనిదే అయిన చిలీ దేశములో 2010 తరువాత పదేండ్లలో ఈ సంఖ్య సగానికి పైగా తగ్గినది. కనుక ప్రమాదమునకు మూలము జాతిలోనో భాషలోనో లేదు. బాలిక ఎంతవరకు చదివినది, వైద్యసహాయము ఎంత దగ్గరగా ఉన్నది, ఆమెకు ఎవరు ఏమి చెప్పినారు అన్నవే ప్రధానములు.

ఈ దృష్టితో మన తెలుగువారిని చూచుకొందము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15-19 ఏండ్ల బాలికలలో తల్లులైనవారు, గర్భవతులు కలిసి 2015-16లో తెలంగాణలో సుమారు 11 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 12 శాతము. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో అది 5.8కి దిగగా, ఆంధ్రప్రదేశ్‌లో 12.6కి చేరినది. భాష ఒకటే, 2014 వరకు రాష్ట్రమూ ఒకటే!

అయితే మనకును లాటిన్ అమెరికాకును ముఖ్యమైన భేదమొకటి కలదు. అక్కడ ఈ గర్భములలో అనేకము వివాహమునకు వెలుపల కలుగును గనుక సమాజము వానిని సమస్యగా గుర్తించును. ఇక్కడ దాదాపు అన్నియు పెండ్లి పందిరి దాటి వచ్చినవే. కాబట్టి బంధువులు మిఠాయి పంచుదురు. పదహారేండ్ల దేహమునకు ఆ భేదము తెలియదు. రక్తహీనత, గుర్రపువాతము, తక్కువ బరువుతో పుట్టు శిశువు – ఇవి నిఖానామాను గాని లగ్నపత్రికను గాని చూచి ఆగవు. 2019-21 సర్వేలో 20-24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకముందే పెండ్లి అయినవారు తెలంగాణలో 23.5 శాతము. 2014 అక్టోబరు 2న ఆరంభమైన షాదీ ముబారక్ పథకము వధువుకు 18 ఏండ్లు నిండవలెనను నియమము పెట్టినది. ఆర్థిక సహాయముకంటె ఆ నియమమే మాకు విలువైనదిగా తోచుచున్నది.

ఇక సుఖవ్యాధుల మాట. రామగిరి, సెంటినరీ కాలనీ, గోదావరిఖని పరిసరములు బొగ్గుతోపాటు వలసకూలీలను, లారీ డ్రైవర్లను ఎరిగిన ప్రాంతములు. ఇంటికి దూరమైన యువకుని ఒంటరితనమును నిందించుట సులభము; అతనికి నిరోధ్ గురించి చెప్పుటయే కష్టము. 2021 అంచనాలలో వయోజనులలో హెచ్.ఐ.వి. దేశములో 0.21 శాతము కాగా, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమగును. హెచ్.ఐ.వి.కి 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుచున్నది. మందులున్నవి, అడుగు నోరే లేదు. తెలుగు ఇంట "సిగ్గు" అని, ఉర్దూ ఇంట "హయా" అని పేరు మాత్రమే వేరు.

ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో పరీక్ష ఉచితము, ఫలితము గోప్యము. 18 ఏండ్లలోపు వారికి సంరక్షకుల సమ్మతి కావలెను. భయపడిన పిల్లలు అక్కడనే వెనుదిరుగుదురు. అట్టివారు ముందుగా 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా అడుగవచ్చును. కళాశాల కమిటీవారు ఏటా ఒకసారి లేడీ డాక్టరును, మరొకసారి పురుష వైద్యుని రప్పించి, ఉభయ భాషలలోను, పేరు వ్రాయని చీటీలపై ప్రశ్నలు స్వీకరించు ఏర్పాటు చేయవలసినదిగా కోరుచున్నాము.