ఉమ్మడి దారిలో కెమెరా

అన్నదమ్ములు పంచుకున్న స్థలంలోనో, ఒకే ప్లాటును రెండుగా చేసి కట్టిన ఇళ్లలోనో కార్లు పోయే దారి ఒక్కటే ఉంటుంది. దస్తావేజులో హద్దుల దగ్గర ‘ఉమ్మడి దారి’ అని రాసుకుంటారు. అలాంటి చోట కెమెరా పెట్టాలనుకునేవాళ్లు ముందుగా మెగాపిక్సెళ్లు వెతుకుతారు. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఆ కెమెరాకి ఏం కనపడకూడదన్నది.

ఒక కాగితం మీద దారి గీయండి. గేటు, మీ కారు నిలిపే చోటు, పక్కింటి గుమ్మం, వాళ్ల కిటికీలు, బట్టలారేసే దండెం. మీకు కావలసినవి మొదటి రెండే. ఆ కాగితంతోనే పక్కింటికి వెళ్లండి. “అన్నయ్యా, గేటు దగ్గర కెమెరా పెడదామనుకుంటున్నాం. మీ గుమ్మం అందులో పడకుండా చూస్తాం, మీరూ ఒకసారి చూడండి” అంటే సగం పేచీ అక్కడే తీరిపోతుంది. గోడకి డ్రిల్లు పడ్డాక ఇదే మాట చెప్తే సంజాయిషీలా వినిపిస్తుంది.

ఇది ఉత్త మర్యాద వ్యవహారం కాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, రెండోవారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు 2021లో ఇరుగుపొరుగు కెమెరాల కేసు విని, బొమ్మ కంటే దూరం నుంచి మాటలు పట్టే మైకే పెద్ద ఇబ్బంది అంది. మన దగ్గరా అంతే. వాకిట్లో కూర్చుని కోడళ్ల సంగతులు మాట్లాడుకునే పెద్దవాళ్లకి ఆ మైకు సంగతి తెలిస్తే ఊరుకుంటారా? మైకు ఆపేయండి.

ఇప్పుడు లెన్సు. అంగట్లో ఎక్కువగా అంటగట్టే 2.8 మి.మీ. లెన్సు వంద డిగ్రీలు చూస్తుంది. పన్నెండడుగుల సందులో అది గోడల్నీ కిటికీల్నీ కూడా లాక్కొస్తుంది. 6 మి.మీ. లెన్సు అందులో సగమే చూస్తుంది, గేటు దగ్గరి ముఖం మాత్రం పెద్దగా చూపిస్తుంది. పొడుగాటి సందుకి ‘కారిడార్ మోడ్’ ఉన్నది ఇంకా నయం: కెమెరాని అడ్డంగా తిప్పి బిగిస్తే బొమ్మ నిలువుగా వస్తుంది. ప్రైవసీ మాస్క్ ఉందో లేదో అడగండి. సెట్టింగుల్లో పక్కింటి కిటికీ మీద ఆ మాస్క్ నల్ల గడి వేస్తే అంతమేర రికార్డే అవదు. కొనేటప్పుడు కెమెరా అట్టపెట్టె మీద బీఐఎస్ నంబరు చూడటం మరవద్దు. డోర్‌బెల్ కెమెరా ఇక్కడికి పనికిరాదని నా అభిప్రాయం. గుమ్మాలు ఎదురెదురుగా ఉంటే అది రోజంతా వాళ్లనే చూస్తుంది.

బిగించే ముందు చీకటి పడ్డాక ఒకసారి పరీక్షించండి. ఐదు వోల్టుల కెమెరా అయితే పవర్ బ్యాంక్ మీదే నడుస్తుంది. తొమ్మిదడుగుల ఎత్తున టేపుతో అంటించి, ఫోనులో బొమ్మ పక్కింటాయనకి చూపించండి. సున్నం గోడ మరీ దగ్గరగా ఉంటే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు తిరిగొచ్చి గోడ తెల్లగా మెరుస్తుంది, మనిషి మసకబారతాడు. కెమెరాని జానెడు ముందుకి జరపండి. లెన్సు ముందు సాలీడు గూడు కట్టినా రాత్రంతా అలర్టులే. యాప్‌లో అలర్టు గీత మీ కారు చుట్టూ మాత్రమే గీయండి. పక్కింటి బండి కదిలినప్పుడల్లా మీ ఫోను మోగడం వాళ్లకీ మీకూ మంచిది కాదు.

రికార్డింగ్ లెక్క తేలికే. 2 ఎంబీపీఎస్‌తో ఆపకుండా రాస్తే రోజుకి 21 జీబీ దాటుతుంది, 128 జీబీ కార్డులో ఐదారు రోజులు పడతాయి. కదలిక ఉన్నప్పుడే రాయమంటే ఇంకా ఎక్కువ వస్తుంది. కరెంటు పోతే రూటరు కూడా ఇన్వర్టరు మీదే ఉండాలి, లేకపోతే అలర్టు రాదు.

చివరగా, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర, ఫుటేజీ అడిగితే ఎవరు తీసివ్వాలి, ఎన్నాళ్లుంచాలి, ఇవన్నీ రెండిళ్లూ ఒక కాగితం మీద రాసుకోండి. పక్క వాటాలో అద్దెకున్నవాళ్లకి యాప్‌లో అనుమతి ఇచ్చి ఉంటే, వాళ్లు ఖాళీ చేసిన రోజే తీసేయండి.