క్లోమంలో అరుదైన కణితి

క్లోమ క్యాన్సర్లలో అత్యధికం నాళాల్లో పుట్టే అడినోకార్సినోమాలే. హార్మోన్లు స్రవించే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ కణితి అరుదు, చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది. స్టీవ్ జాబ్స్‌కు 2003లో బయటపడింది ఇదే. ఈ తేడాను పోటీ పరీక్షల అభ్యర్థులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఈ కణితుల్లో ఇన్సులిన్‌ను అతిగా స్రవించే ఇన్సులినోమాను పోల్చుకోవడం కష్టం. తిండి ఆలస్యమైతే చెమటలు, వణుకు, తికమక. అప్పుడు రక్తంలో గ్లూకోజు తక్కువ. చక్కెర ఇవ్వగానే తేరుకోవడం. ఇదే విపుల్ త్రయం. పెద్దవూర లాంటి పల్లెలో పరగడుపునే పొలానికెళ్లిన మనిషికి ఇలాగైతే ఇంట్లోవాళ్లు నీరసమనుకుంటారు. పదేపదే వస్తుంటే మాత్రం ఆ లక్షణాలున్నప్పుడే గ్లూకోజు చూడాలి. తర్వాత చూస్తే మామూలుగానే కనిపించవచ్చు.

నిర్ధారణకు సీటీ స్కాన్, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో ముక్క పరీక్ష, గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్ వాడతారు. కణాల విభజన వేగాన్ని కేఐ-67 సూచిక చెబుతుంది.

కణితి ఒకచోటే ఉంటే శస్త్రచికిత్సే ప్రధానం. వ్యాపిస్తే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ సూదిమందులు. ఎవరోలిమస్, సునిటినిబ్ మాత్రలు (అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం 2011). కణితి కణాలకు రేడియోధార్మికతను చేరవేసే లుటీషియం-177 డోటాటేట్ (2018).

రాష్ట్రాంశం: హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. జీర్ణకోశ వైద్యుడు దువ్వూరు నాగేశ్వరరెడ్డికి 2025లో పద్మవిభూషణ్.