ఇంగ్లీషు ప్రత్యయాలు: చేర్చే పద్ధతి

మురమళ్ళ

చిరంజీవి మనవడికి,

మాట చివర చేరే ప్రత్యయాన్నే ఇంగ్లీషులో సఫిక్స్ అంటారు. అది మాట అర్థాన్నో, వ్యాకరణాన్నో మారుస్తుంది; చాలాసార్లు స్పెల్లింగునూ కదిలిస్తుంది. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్ధితాలకు ఒక పరిచ్ఛేదం, కృదంతాలకు మరొకటి ఉన్నాయి. ‘మంచి’ మీద ‘తనం’ చేరితే మంచితనం, ఇది తద్ధితం. ‘ఆడు’ ధాతువు నుంచి ‘ఆట’, ‘పాడు’ నుంచి ‘పాట’, ఇవి కృదంతాలు. ఇక్కడ ‘డు’ పోయి ‘ట’ వచ్చింది. ఇంగ్లీషులోనూ కైండ్ నుంచి కైండ్‌నెస్, టీచ్ నుంచి టీచర్ ఇలాగే పుడతాయి.

ఇంగ్లీషు ప్రత్యయాలు రెండు తెగలు. నెస్, ఫుల్, మెంట్ వంటివి కొత్త మాటను పుట్టిస్తాయి. ఎస్, ఈడీ, ఐఎన్‌జీ వంటివి ఉన్న మాటకే వచనాన్నో కాలాన్నో తెలుపుతాయి. రెండూ కలిసి వస్తే మొదటి తెగదే ముందు స్థానం: టీచ్, టీచర్, టీచర్స్.

స్పెల్లింగులో గుర్తుంచుకోవలసిన సూత్రాలు ముఖ్యంగా మూడు.

మొదటిది ‘వై’ అక్షరానిది. మురమళ్ళ వీరేశ్వరస్వామి ఆలయంలో జరిగే నిత్యకల్యాణం గురించి ఇంగ్లీషులో రాయాలంటే ‘మ్యారీ’ అనే క్రియ కావాలి: ఎం, ఏ, రెండు ఆర్‌లు, వై. వై ముందు హల్లు ఉంది కనుక ఈడీ చేరేటప్పుడు వై స్థానంలో ఐ వస్తుంది. ఐఎన్‌జీ చేరితే మాత్రం వై అలాగే ఉంటుంది. లేకపోతే రెండు ఐలు పక్కపక్కన పడతాయి. ‘ప్లే’లో వై ముందు అచ్చు ఉంది, అందుకే ప్లేడ్‌లో వై కదలదు.

రెండోది, మాట చివర పలకని ‘ఈ’ది. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ముందు అది పోతుంది: హోప్, హోపింగ్. హల్లు ముందు నిలుస్తుంది: హోప్‌ఫుల్. నోటీసబుల్‌లో అచ్చు ముందు కూడా ఈ నిలిచింది. అది లేకపోతే సీ అక్షరాన్ని ‘క’గా పలకాల్సి వస్తుంది. ఆర్గ్యుమెంట్, ట్రూలీ అనే మాటల్లో హల్లు ముందే ఈ పోయింది. ఇలాంటివి కంఠస్థం చేయవలసిందే.

మూడోది ద్విత్వం. ఒకే అచ్చు, దాని వెనుక ఒకే హల్లు ఉన్న పొట్టి మాటకు అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరితే ఆ హల్లు రెట్టింపవుతుంది: హాపింగ్‌లో రెండు పీలు, రన్నింగ్‌లో రెండు ఎన్‌లు. హోపింగ్‌లో పీ ఒకటే కనుక ఆ రెండో పీ లేకపోతే గెంతడం కాస్తా ఆశపడటం అయిపోతుంది. పెద్ద మాటల్లో ఒత్తి పలికే చోటు చూడాలి. బిగిన్‌లో ఒత్తు చివర ఉంది, బిగినింగ్‌లో ఎన్ రెండుసార్లు రాయాలి. ఓపెన్‌లో ఒత్తు మొదట ఉంది, ఓపెనింగ్‌లో ఒక్కసారే.

ప్రత్యయంగా వచ్చే ‘ఫుల్’కు చివర ఒకే ఎల్. ‘ఎల్‌వై’ కనిపించిన ప్రతి మాటా క్రియావిశేషణం కాదు, ఫ్రెండ్లీ విశేషణమే. అందువల్ల మాటను విడిగా కాక వాక్యంలో పెట్టి చూడాలి. రాసే ముందు మూలపదాన్ని, ప్రత్యయాన్ని విడదీసి ఆ అతుకు దగ్గర ఏ సూత్రం పనిచేస్తోందో చూసుకునే అలవాటుంటే చాలా తప్పులు కాగితం మీదికి రావు.

ఆశీస్సులతో,
తాతయ్య