ల్యాబులో తాళం ఎందుకో పిల్లలకు చెప్పండి

బనగానపల్లెలో పిల్లల్ని బడికి పంపే అమ్మలకూ నాయనలకూ ఈ మాట. పిల్లోడు ఇంటికొచ్చి "ల్యాబులో యూట్యూబ్ రాదు, వాట్సాప్ రాదు, అన్నీ కట్ చేసినారు" అని విసుక్కుంటే "మంచి పని చేసినారు, పోయి చదువుకో" అని తోసేయకండి. వాడి ముందు సార్లను తిట్టడమూ వద్దు. ఏవి మూసినారో, ఎందుకు మూసినారో అడిగి, కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినారు. పాఠాలు తప్ప వేరేవి తెరుచుకోకుండా తాళం వేసే ఇచ్చినారు. ఆ తర్వాత కొన్నిచోట్ల పిల్లలు ఆ తాళం తీయించుకుని సినిమాలు చూస్తున్నారని, ఆటలు ఆడుతున్నారని పత్రికల్లో వార్తలొచ్చినాయి. తాళం వేయడం తప్పని నేననను. పదమూడేళ్ల పిల్లల చేతిలో ఇంటర్నెట్ మొత్తం పెట్టి వదిలేయడం ఏ బడీ చేయకూడని పని. అయితే అది ఎందుకుందో ఎవరూ చెప్పకపోతే, దాన్ని తీయడమే పిల్లలకు పందెం అవుతుంది.

బడి నెట్‌వర్కులో సైట్లు ఆపే పద్ధతుల్లో సులువైనది ఒకటుంది. సైటు పేరు కొట్టగానే ఆ పేరుకున్న నంబరు ఏదని కంప్యూటర్ నెట్‌వర్కును అడుగుతుంది. మూసిన జాబితాలో ఆ పేరుంటే నంబరు దొరకదు, పేజీ రాదు. దీన్ని దాటడానికి పిల్లలు సెల్లులోనో ట్యాబులోనో ఫ్రీ వీపీఎన్ యాప్ వేసుకుంటారు. మనం భయపడాల్సింది ఇక్కడే. వీపీఎన్ వేస్తే వాడు చూసేదంతా ఎవరిదో తెలియని కంప్యూటర్ గుండా పోతుంది. ఊరికే ఇచ్చేవాడు దేని మీద సంపాదిస్తున్నాడో మనకు కనబడదు. అదే సెల్లులో మీ ఫోన్‌పే కూడా ఉంటుంది. వీపీఎన్ కనబడితే చెయ్యి ఎత్తకండి. ఈ సంగతి విడమరిచి చెప్పి, వాడి చేతనే తీసేయించండి.

వాట్సాప్ మూయడం ఒక్క చదువు కోసమే అనుకోవద్దు. అమ్మ సెల్లుతో స్కాన్ చేసి ల్యాబు కంప్యూటర్లో వాట్సాప్ తెరిచిన పిల్ల, గంట కొట్టగానే అట్లాగే లేచిపోతుంది. సెల్లు ఇంట్లో ఉన్నా, ఆ కంప్యూటర్లో అది తెరిచే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాళ్లు ఇంటి ఫోటోలూ బంధువుల మాటలూ అన్నీ చదవొచ్చు, అమ్మ పేరుతో మెసేజీలూ పెట్టొచ్చు. ఈ రాత్రే మీ వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. తెలియని కంప్యూటర్ కనబడితే లాగౌట్ కొట్టండి.

ఇక్కడ పిల్లలు అడిగే ప్రశ్న న్యాయమైనది: వాట్సాప్ వద్దంటారు, హోంవర్కేమో వాట్సాప్ గ్రూపులోనే పెడతారే? కరోనా నాటి నుంచి నడుస్తున్న అలవాటిది. వాట్సాప్ సొంత నిబంధన ప్రకారమే పదమూడేళ్లు నిండనివాళ్లు సొంతంగా ఖాతా తెరవకూడదు. నాయన మామిడి తోటకో బండల పాలిష్ ఫ్యాక్టరీకో పోయి, ఇంట్లో జేజి ఒక్కతే ఉంటే ఆ సెల్లు సాయంత్రమంతా పిల్లల చేతిలోనే ఉంటుంది. హోంవర్కును బడిలోనే నోటుబుక్కులో రాయించి పంపమని టీచర్లను అడగండి. అడగడానికి మీకు హక్కుంది.

ఇంకో మాట కూడా బడిలో గట్టిగా అడగాలి. మాటలను బట్టి సైట్లు మూసే ఫిల్టర్లు గుడ్డిగా పనిచేస్తాయి. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. దాని గురించి వెతికిన పిల్లకు ఎర్ర అక్షరాలతో "నిషేధం" అని వస్తే, తానేదో చెడ్డ పని చేసినానని ముడుచుకుపోతుంది. నెలసరి గురించి సరైన సమాచారం దొరకని పిల్ల అరకొర మాటలు నమ్ముతుంది. నాకు ఇది యూట్యూబ్ వ్యసనం కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. తప్పుగా మూసుకున్న సైటు తెరవమని పిల్లలు ఎవరికి చెప్పాలి? ఆ టీచరు పేరు పిల్లలందరికీ తెలిసి ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టినారు, 2025 జూలైలో మళ్లీ పెట్టినారు. అట్లాంటి రోజున మార్కులతో పాటు ఈ ప్రశ్న కూడా అడిగి రండి.

బడి తాళం బడి గేటు దాకే. బయటికొస్తే మీ సెల్లు డేటా ఉంది, స్నేహితుడి హాట్‌స్పాట్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే ఏ యాప్ ఎంతసేపో మీరే నిర్ణయించొచ్చు. చిన్నపిల్లలకు అది చాలు. పెద్ద తరగతుల పిల్లలకు మాత్రం అది పెట్టే ముందు వాళ్లతో మాట్లాడండి. దొంగచాటుగా పెట్టొద్దు.

ఎవరైనా ఫోటోలు అడిగి బెదిరిస్తే, ఆటలో డబ్బు పోతే, ముందు మీ దగ్గరికే రమ్మని ఇప్పుడే చెప్పి ఉంచండి. వచ్చినప్పుడు సెల్లు లాక్కోవద్దు, ఆ మెసేజీలు చెరిపేయొద్దు, ఫిర్యాదుకు అవే ఆధారం. డబ్బు మోసమైతే వెంటనే 1930కి, పిల్లల మీద వేధింపులైతే 1098కి ఫోన్ చేయండి. ఈ రెండు నంబర్లూ పిల్లల చేత నోటుబుక్కు అట్ట లోపల రాయించండి.