ఖాళీ మెమరీని ఎవరు తిన్నారు?

పిల్లలూ, కెర్నెల్ అంటే గింజలోని పప్పు. బాదంకాయ పగలగొడితే పెంకు లోపల దొరికేదన్నమాట. కంప్యూటరులో మనకు కనిపించే బొమ్మలూ, కిటికీలూ పెంకు అనుకుంటే, లోపల కూర్చుని మెమరీని, డిస్కును, ప్రోగ్రాములను నడిపించేది కెర్నెల్. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్, ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఉంది.

లినక్స్‌లో "ఫ్రీ" అనే ఆదేశం ఇస్తే మెమరీ లెక్క చెబుతుంది. 16 జీబీ ఉన్న కంప్యూటరులో ప్రోగ్రాములు 5 జీబీ వాడుకుంటే మిగతా 11 ఖాళీగా ఉండాలి కదా? చూస్తే ఒక్క జీబీ కూడా కనిపించకపోవచ్చు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఇది చూసి కంగారుపడి, ఇంకా మెమరీ కొనిపించమంటారు.

ఆ మెమరీని ఎవరూ తినలేదు. క్యాష్‌లో ఉంది. ఇది డబ్బుల క్యాష్ కాదు, దాచిపెట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుండి వచ్చినది. మన బడి సంగతే చూడండి. అసలు పాఠాలు బీరువాలో ఉంటాయి. వాటికి జిరాక్సులు తీసి బల్ల మీద పెట్టుకుంటాం. బీరువా డిస్కు, బల్ల మెమరీ. మెమరీలోంచి తీసుకోవడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే హార్డ్ డిస్కు నుండి తేవడానికి సుమారు నూరో వంతు పడుతుంది. అంటే లక్ష రెట్లు తేడా! అందుకే కెర్నెల్ ఒకసారి తెచ్చిన పేజీని వెంటనే పారేయదు. బల్లను ఖాళీగా ఉంచి ఏం లాభం?

మరి కొత్త ప్రోగ్రాము చోటు అడిగితే? ఖాళీ ఒక గీత కంటే తగ్గగానే "కె స్వాప్ డి" అనే పనివాడు నిద్రలేస్తాడు. పై గీత దాకా ఖాళీ అయ్యేవరకు సర్ది, మళ్ళీ పడుకుంటాడు. ఏ పేజీలు తీయాలి? అతని దగ్గర రెండు జాబితాలుంటాయి: తరచు వాడుతున్నవి, వాడకం తగ్గినవి. డిస్కు నుండి కొత్తగా వచ్చిన పేజీ మామూలుగా రెండో జాబితాలోనే చేరుతుంది. మళ్ళీ ఎవరైనా వాడితేనే మొదటిదానికి ఎక్కుతుంది. లేకపోతే మీరు ఒక్కసారి చూసిన సినిమా, రోజూ వాడే ఫైళ్ళన్నిటినీ బయటికి తోసేసేది. 2022లో వచ్చిన 6.1 కెర్నెల్‌లో రెండు జాబితాలకు బదులు తరాల పద్ధతి కూడా చేర్చారు. తాతల తరం పేజీలు ముందు వెళ్తాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏమీ రాయని జిరాక్సును పారేయవచ్చు, అసలు బీరువాలో ఉంది కనుక. కానీ మీరు జిరాక్సు మీద దిద్దుబాట్లు చేసి ఉంటే? వాటిని ముందు అసలులోకి ఎక్కించాలి. ఇలాంటి పేజీలను "డర్టీ" పేజీలంటారు. యూఎస్‌బీలోకి ఫొటోలు కాపీ అయిపోయినట్టు కనిపించినా, కొన్ని ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. "ఎజెక్ట్" నొక్కకుండా లాగేస్తే అవి పోతాయి. వార్షికోత్సవం ఫొటోలు మళ్ళీ తీయలేం కదా!

పనివాడి కంటే గిరాకీ వేగంగా వస్తే, చోటు అడిగిన ప్రోగ్రామే ఆగి సర్దుకోవాలి. అప్పుడే కంప్యూటరు నత్తనడక నడుస్తుంది. అదీ చాలకపోతే కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామును చంపేస్తుంది.

2006 నుండి క్యాష్‌ను మనమే ఖాళీ చేయించే "డ్రాప్ క్యాషెస్" అనే మీట ఉంది. పరీక్షలు చేసేవారికి పనికొస్తుంది. గంటగంటకూ దాన్ని నొక్కేవాళ్ళూ ఉన్నారు, బల్ల తుడిచేసి మళ్ళీ బీరువాకు పరుగెత్తినట్టు! అంతకంటే "ఫ్రీ" ఆదేశంలో "అవైలబుల్" అనే వరుస చూడండి. తిరిగి తీసుకోగలిగిన క్యాష్‌ను కూడా కలిపి, కొత్త ప్రోగ్రాములకు ఎంత దొరుకుతుందో కెర్నెల్ వేసే అంచనా అది. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుండి ఈ లెక్క ఉంది. మన ఉదాహరణలో అక్కడ 10 జీబీ దాకా కనిపించవచ్చు.

ఇంటిపని: కంప్యూటరును రీస్టార్ట్ చేసి, ఒక పెద్ద ఫైలును వెంటవెంటనే రెండుసార్లు చదివించండి. రెండుసార్లూ ఎంతసేపు పట్టిందో రాసి, తేడా ఎందుకో నాన్నగారికో అమ్మగారికో తెలుగులో చెప్పండి.